మనం దాటేసే పేజీ



ఆదివారం సాయంత్రం అంటే మన ఇళ్ళల్లో వారానికి సరిపడా పప్పూ కూరా వండి డబ్బాల్లో సర్దుకునే వేళ. ఆ గిన్నెల చప్పుడు మధ్య నా మాటలు కూడా వినడానికి ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు.

నా గురించి రెండు ముక్కలు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. 2012లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాను. ఇప్పుడు డాలస్ శివార్లలో ఉంటూ ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. ప్రాజెక్టు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి సోమవారం పొద్దున్నే విమానం ఎక్కడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం. తాతల కాలం నుంచీ కథోలిక కుటుంబం మాది.

ఈ కార్యక్రమంలో మాట్లాడమని అడిగినప్పుడు నిర్వాహకులు "మతం, రాజకీయం తప్ప ఏదైనా సరే" అన్నారు. నేనేమో సరిగ్గా ఆ రెండూ కలిపి మాట్లాడతానన్నాను. కాసేపు ఆలోచించి, "ఎవరికి ఓటు వెయ్యాలో చెప్పనంటే సరే" అన్నారు. ఆ షరతు తేలిగ్గానే ఒప్పుకున్నాను. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నవాణ్ణి, నాకే ఓటు లేదు!

వినేవారిలో చాలామంది కథోలికులు కారని తెలుసు. అయినా మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో జరిగే ఉంటుందని నా అనుమానం. అందుకే ఈ ధైర్యం.

మా అక్కా బావా మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంటారు. బావ వైటూకే రోజుల్లో ఈ దేశం వచ్చారు. నేను మొదటిసారి విమానం దిగినప్పుడు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది ఆయనే. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మొదటి ఉద్యోగం వచ్చేదాకా అన్నం పెట్టింది వాళ్ళ ఇల్లే. ఆదివారం పొద్దున అందరం ఒకే గుడికి వెళ్ళేవాళ్ళం. పూజ అయ్యాక అక్క ఇంట్లో భోజనం. ఇది పదేళ్ళ అలవాటు.

2022 జూన్ 24, శుక్రవారం. అమెరికా సుప్రీం కోర్టు డాబ్స్ కేసులో తీర్పు ఇచ్చింది. 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసి, గర్భస్రావం విషయం మళ్ళీ రాష్ట్రాల చేతికి ఇచ్చింది. ఆ ఆదివారం భోజనాల దగ్గర బావ చాలా సంతోషంగా ఉన్నారు. "యాభై ఏళ్ళ ప్రార్థన ఫలించింది" అన్నారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "మరి మన టెక్సాస్‌లో మరణశిక్షల గురించి కూడా ప్రార్థన చేశారా బావా?" అన్నాను.

చూడండి, ప్రశ్న తప్పు కాదు. అడిగిన గొంతు తప్పు. అది జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు, గుచ్చడానికి అడిగింది. ఆయన కంచం ముందు నుంచి లేవలేదు గానీ, "నువ్వు పేపర్లు చదివి కథోలికుడివయ్యావు, సువార్త చదివి కాదు" అన్నారు. నేను ఇంకొకటి అన్నాను. ఆయన ఇంకొకటి. మా అక్క పెరుగు గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు మేం వాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. పూజకి కూడా వాళ్ళు ఎనిమిదిన్నరకి, మేం పదిన్నరకి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకుని పెట్టుకున్న టైము కాదు. దానంతట అదే అలా కుదిరిపోయింది.

ఇది మా ఒక్కరి ఇంటి రోగం కాదని తర్వాత చరిత్ర తిరగేస్తే తెలిసింది.

ఈ దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు అయిదో వంతు మంది కథోలికులు. ఒకప్పుడు వీళ్ళని అనుమానంగా చూసేవాళ్ళు. రోములో ఉన్న పోపుగారి మాట వింటారా, దేశం మాట వింటారా అని. 1928లో ఆల్ స్మిత్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆ అనుమానం ఆయన్ని చాలా బాధపెట్టింది. 1960లో జాన్ కెన్నెడీ నిలబడ్డప్పుడు కూడా అదే ప్రశ్న. ఆ ఏడాది సెప్టెంబర్ 12న ఆయన మన టెక్సాస్‌లోనే, హ్యూస్టన్ రైస్ హోటల్లో, ప్రొటెస్టెంటు పాస్టర్ల ఎదుట నిలబడి మాట్లాడారు. తను కథోలికుల అభ్యర్థి కాదనీ, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిననీ, మతం ఒత్తిడికి లొంగి నిర్ణయాలు తీసుకోననీ, మనస్సాక్షికీ పదవికీ పొత్తు కుదరని రోజు వస్తే పదవే వదులుకుంటాననీ చెప్పారు. గాలప్ లెక్క ప్రకారం ఆ ఎన్నికలో కథోలికుల్లో నూటికి 78 మంది ఆయనకే వేశారు.

సరిగ్గా నలభై నాలుగేళ్ళ తర్వాత, 2004లో, జాన్ కెర్రీ అనే ఇంకో కథోలికుడు అదే పార్టీ తరఫున నిలబడ్డారు. ఈసారి అనుమానం తలకిందులైంది. ఈయన పోపు మాట వింటాడేమోనని ఎవరూ భయపడలేదు, వినడంలేదేమని కోపగించారు. గర్భస్రావ హక్కును సమర్థిస్తున్నారు కాబట్టి ఆయనకు దివ్యసత్ప్రసాదం ఇవ్వనని అప్పటి సెయింట్ లూయిస్ అగ్రపీఠాధిపతి ప్రకటించారు. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం ఆ ఏడాది కథోలికుల్లో నూటికి 52 మంది మెథడిస్టు అయిన బుష్‌కి వేశారు. 2020లో బైడెన్ గెలిచి రెండో కథోలిక అధ్యక్షుడయ్యారు గానీ, కథోలికుల ఓట్లు మాత్రం దాదాపు చెరిసగం చీలిపోయాయి. 2024లో ట్రంప్ వైపు మొగ్గాయి. ఆయన ఉపాధ్యక్షుడు వాన్స్ 2019లో కథోలికుడైన వ్యక్తి. అంటే ఇప్పుడు రెండు పార్టీల పై వరసల్లోనూ మావాళ్ళే. ఒకే గుళ్ళో, ఒకే వరసలో, ఒకరి పక్కన ఒకరు.

ఇంతకీ శ్రీసభ బోధ ఏ పక్షం? శ్రీసభ అంటే మేం చర్చిని పిలుచుకునే పేరు. నేను మొదట్లో అది నా పక్షమే అనుకున్నాను. బావ తన పక్షం అనుకున్నారు. ఇద్దరి దగ్గరా రుజువులున్నాయి. చిక్కంతా అక్కడే!

1891లో పదమూడవ లియో పోపు కార్మికుల గురించి ఒక లేఖ రాశారు. రేరుం నోవారుం దాని పేరు. కూలివాడికి కుటుంబాన్ని పోషించుకోగలిగినంత జీతం ఇవ్వాలనీ, కార్మికులు సంఘాలు పెట్టుకోవచ్చనీ అందులో ఉంది. నేను అది చూపించి మురిసిపోతాను. అదే లేఖలో సొంత ఆస్తి హక్కు న్యాయమైనదనీ, సోషలిజం దారి తప్పనీ ఉంది. బావ అది చూపించి మురిసిపోతారు. లేఖ ఒక్కటే. మేం తెరిచే పేజీలు వేరు.

వలసల సంగతి చూడండి. శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో దాని మీద ఒక పేరా ఉంది, 2241వది. కలిగిన దేశాలు తమ శక్తి మేరకు, బతుకుతెరువు కోసమో ప్రాణరక్షణ కోసమో వచ్చే పరాయివాళ్ళకు చోటివ్వాలి అంటుంది మొదటి సగం. ప్రభుత్వం అందుకు షరతులు పెట్టవచ్చు, వచ్చినవాడు ఆ దేశపు చట్టాన్ని గౌరవించాలి, బరువు పంచుకోవాలి అంటుంది రెండో సగం. ఒక్క పేరా! దాన్ని కూడా మధ్యకి విరిచి చెరో ముక్కా పట్టుకుని తిరుగుతున్నాం.

మరణశిక్ష సంగతి. 2018 ఆగస్టులో పోప్ ఫ్రాన్సిస్ ఆ గ్రంథంలోనే మార్పు చేయించి, మరణశిక్ష ఏ పరిస్థితుల్లోనూ ఆమోదయోగ్యం కాదని రాయించారు. 1976లో ఈ దేశంలో మరణశిక్షకు మళ్ళీ అనుమతి వచ్చాక, అత్యధికంగా అమలు చేసిన రాష్ట్రం మా టెక్సాస్. గర్భంలో ఉన్న శిశువు ప్రాణం మొదటి క్షణం నుంచీ కాపాడవలసినదని అదే గ్రంథం అంతకన్నా ఎంతో ముందు నుంచీ చెబుతోంది.

2024 సెప్టెంబర్‌లో, అమెరికా ఎన్నికలకు రెండు నెలల ముందు, సింగపూర్ నుంచి తిరిగి వెళ్తూ విమానంలో పోప్ ఫ్రాన్సిస్‌ని విలేఖరులు అడిగారు, కథోలికులు ఎవరికి వెయ్యాలి అని. ఒకరు వలస వచ్చినవాళ్ళని తరిమేస్తున్నారు, ఇంకొకరు గర్భస్రావాన్ని సమర్థిస్తున్నారు, రెండూ ప్రాణానికి వ్యతిరేకమే అన్నారాయన. రెంటిలో చిన్న చెడు ఏదో ఎవరి మనస్సాక్షితో వాళ్ళు ఆలోచించుకుని వెయ్యండి అన్నారు. ఆ రోజు మా బావకీ, నాకూ ఇద్దరికీ నచ్చలేదు. మొదటిసారి ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరిందన్నమాట!

బావ వాదన నేను చులకన చేసి చెప్పకూడదు. ఆయన అనేదేమిటంటే, అన్నీ ఒక్క బరువు కావు. ఒక నిరపరాధి ప్రాణం నేరుగా తీయడం ఎప్పుడైనా తప్పే, అందులో చర్చ లేదు. పన్నెంత ఉండాలి, వీసాలెన్ని ఇవ్వాలి అన్నవి మంచి మనసున్నవాళ్ళు కూడా రెండు రకాలుగా ఆలోచించగల సంగతులు. ఆ తేడా శ్రీసభ చెప్పేదే. అమెరికా పీఠాధిపతులు కూడా ఓటర్ల కోసం రాసిన పత్రానికి జోడించిన మాటల్లో గర్భస్రావాన్ని అన్నిటికన్నా ముందు పెట్టారు. "నోరు లేనివాళ్ళలోకెల్లా నోరు లేనివాడు కడుపులో ఉన్నవాడు. వాడి తరఫున మాట్లాడకపోతే ఇంకెవరి తరఫున మాట్లాడతావు?" అంటారు బావ. నిజాయితీగా చెప్పాలంటే ఆ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు.

నా వాదన ఇది. తప్పు అని నమ్మడం ఒకటి, దాన్ని అన్ని మతాలవాళ్ళూ ఉండే దేశంలో చట్టంగా ఎలా రాయాలన్నది ఇంకొకటి. న్యూయార్క్ గవర్నరు మారియో కువోమో 1984లో నోటర్ డేమ్ యూనివర్సిటీలో ఇదే చెప్పారు. పైగా బిడ్డ పుట్టాక ఆ తల్లికి వైద్యం, తిండి, సెలవు ఇవ్వడానికి చెయ్యి రాని చట్టసభ, పుట్టకముందు మాత్రం ప్రేమ చూపిస్తే ఎలా నమ్మాలి అంటాను. దానికి బావ దగ్గర కూడా తేలికైన జవాబు లేదు.

అంతకు ముందు ఏడాది, 1983 డిసెంబర్‌లో, షికాగో కార్డినల్ బెర్నార్డిన్ న్యూయార్క్ ఫోర్డమ్ యూనివర్సిటీలో ఒక మాట చెప్పారు. గర్భస్రావం, మరణశిక్ష, అణుయుద్ధం, పేదరికం, ఇవన్నీ ఒకే గుడ్డలో పోగులు అని. యోహాను సువార్తలో ప్రభువు వేసుకున్న అంగీకి కుట్టు లేదని ఉంటుంది. పైనుంచి కిందిదాకా ఒకే నేత. ఆయన ఆలోచనకు ఆ అంగీ పేరే స్థిరపడిపోయింది. సిలువ దగ్గర సైనికులు కూడా దాన్ని చింపడానికి మనసొప్పక చీట్లు వేసుకున్నారట. మనం ఆ పాటి మొహమాటం కూడా లేకుండా చింపేసి, నీ ముక్క చిన్నది నా ముక్క పెద్దది అని కొట్టుకుంటున్నాం.

సరే, మా ఇంటి కథకి వస్తాను.

2023 మార్చిలో నాన్నగారు వచ్చారు, ఆరు నెలలు ఉండటానికి. రిటైరైన ప్రాథమిక పాఠశాల మేష్టారు. తపస్సుకాలం అది. రోజూ సాయంత్రం జపమాల చెప్పుకోకపోతే ఆయనకి అన్నం సయించదు. వచ్చిన మొదటి ఆదివారమే కనిపెట్టేశారు. "అక్కా వాళ్ళు ఏ పూజకి వెళ్తున్నార్రా?" అన్నారు. నేను నసిగాను. సాయంత్రం అక్కకి ఫోన్ చేసి విషయం అంతా రాబట్టారు.

నన్ను తిడతారేమో అనుకున్నాను. తిట్టలేదు. "ఈ దేశంలో రెండు సంచులే ఉన్నాయట్రా? అందులో ఏది పెట్టినా మొత్తం సంచీ కొనుక్కోవాల్సిందేనా?" అని అడిగారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పుడొక సంగతి చెప్పారు. ఆయన చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో ఎవరెక్కడ కూర్చోవాలో ఎక్కడా రాసి లేదు. అయినా అందరికీ తెలుసు. ముందు భూములున్నవాళ్ళు, వెనక వాళ్ళ పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. ఒకే జపం, దేవుణ్ణి మా తండ్రీ అని అందరూ కలిసి పిలిచే జపం. పూజ అయ్యాక ఎవరి గూడెం వాళ్ళది, ఎవరి బజారు వాళ్ళది. చనిపోతే సమాధులు కూడా వేరు. "ముందు వరసలో కూర్చునే పెద్దాయన ఒకాయన ఉండేవాడురా. జపాలన్నీ నోటికొచ్చు. గుణదల తిరునాళ్ళకి ఏటా బండి కట్టించేవాడు. కూలి డబ్బులు మాత్రం ఏ శనివారమూ సరిగ్గా ఇచ్చేవాడు కాదు. కూలి ఎగ్గొడితే ఆ ఏడుపు దేవుడి చెవిన పడుతుందని యాకోబు లేఖలో ఉంది గదా. ఆ పేజీ వచ్చినప్పుడల్లా ఆయన పుస్తకం దానంతట అదే తిరిగిపోయేది" అన్నారు.

కిందటి ఏడాది ఆగస్టులో, అంటే 2022లో, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారిని పోప్ ఫ్రాన్సిస్ కార్డినల్‌ని చేసినప్పుడు నాన్న టీవీ ముందు కళ్ళు తుడుచుకున్నారట. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయన. దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే. "ముందు వరస, వెనక వరస మధ్య దూరం దాటడానికి మనకి మూడు వందల ఏళ్ళు పట్టింది. ఇంకా పూర్తిగా దాటలేదు" అన్నారు నాన్న. మన దేశంలో మా రాజకీయం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఇప్పటికీ ఎస్సీ హోదా లేదు. అక్కడ మా పెద్దల గొడవ అది. లిబరల్, కన్జర్వేటివ్ అనే పేర్లు మేం విమానం దిగాక తొడుక్కున్న చొక్కాలు. కానీ నచ్చని పేజీ తిప్పేసే అలవాటు మాత్రం ఊరి నుంచి వెంట తెచ్చుకున్నదేనని ఆ రోజు అర్థమైంది.

ఆ వారం నాన్న బావకి ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, ఆదివారం సాయంత్రం జపమాలకి మీరూ అమ్మాయీ పిల్లా రండి. నేను మళ్ళీ వస్తానో రానో" అన్నారు. ఆ చివరి మాట వాడితే మన ఇళ్ళల్లో ఎవరు మాత్రం రాకుండా ఉంటారు? వచ్చారు.

జపమాల అయ్యాక నాన్న ఒక కాగితం తీశారు. నా చేత ముందు రోజు ప్రింటు తీయించినదే. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబర్‌లో వెలువరించిన పత్రంలో ఒక పేరా. ప్రాణానికీ, మనిషి గౌరవానికీ వ్యతిరేకమైనవి ఏమిటో అందులో వరసగా ఉంటుంది. హత్య, జాతి సంహారం, గర్భస్రావం, కారుణ్య మరణం, ఆత్మహత్య, చిత్రహింస. అక్కడ ఆగదు. మనుషులు బతకలేని ఇళ్ళు, అన్యాయంగా జైల్లో పెట్టడం, దేశం నుంచి వెళ్ళగొట్టడం, బానిసత్వం, ఆడవాళ్ళనీ పిల్లల్నీ అమ్మడం, పనివాణ్ణి మనిషిలా కాక పనిముట్టులా వాడుకోవడం. అన్నీ ఒకే వాక్యంలో, మధ్యలో గోడ లేకుండా.

నాన్న మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చదవమన్నారు. గట్టిగా. నేను గర్భస్రావం అనే మాట దగ్గర కాస్త వేగం పెంచాను. నాకే తెలిసింది. బావ వెళ్ళగొట్టడం అనే మాట దగ్గర గొంతు సవరించుకున్నారు. మేష్టారు కదా, ఇద్దర్నీ పట్టేశారు. "ఎక్కడ తడబడ్డారో అదే మీ పాఠం" అన్నారు.

ఆ రోజు పెట్టిన రూలు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. నెలకో ఆదివారం జపమాల తర్వాత, ఎవరికి వాళ్ళు తమకు నచ్చని పేజీ తెచ్చుకుని చదవాలి. ఎదుటివాడికి నచ్చని పేజీ తేకూడదు. అది చాలా సులభం, అందరం చేస్తున్నది అదే. చదివాక వాదించకూడదు. టీ తాగి వెళ్ళిపోవాలి.

దీనివల్ల మేం మారిపోయామా? లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి. బావ ఓటు ఎటు పడుతుందో నాకు తెలుసు, నాకు ఓటుంటే ఎటు వేస్తానో ఆయనకీ తెలుసు. మారింది ఒకటే. ఇదివరకు నేను గర్భస్రావం మాటెత్తితే చట్టం గురించే మాట్లాడేవాణ్ణి. బిడ్డ గురించి మాట్లాడేవాణ్ణి కాదు. ఇప్పుడు మా గుడి వాళ్ళు కష్టంలో ఉన్న గర్భిణులకు నడిపే సాయానికి ప్రతినెలా కొంత పంపుతున్నాను, రెండు శనివారాలు వెళ్ళి డైపర్లు సర్దాను. బావ కూడా అక్కడే కనిపించారు. ఇద్దరం పెట్టెలు మోశాం. అక్కడ లిబరల్ పెట్టె, కన్జర్వేటివ్ పెట్టె అని వేరుగా ఏమీ లేవు.

ఇక బావ సంగతి. 2025 జనవరిలో ఉపాధ్యక్షుడు వాన్స్ ప్రేమకు ఒక వరస ఉందనీ, ముందు ఇల్లు, తర్వాత పొరుగు, తర్వాత దేశం, ఆ తర్వాతే మిగతా లోకం అనీ అన్నారు. ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ అమెరికా పీఠాధిపతులకు లేఖ రాస్తూ, ఎవరి పేరూ ఎత్తకుండా, ఆ వరస ఏమిటో మంచి సమరీయుని కథలో చూసుకోమన్నారు. ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ కన్నుమూశారు. మే 8న షికాగోలో పుట్టిన ప్రివోస్ట్ గారు పోపు అయ్యారు, అమెరికా నుంచి మొదటివారు. పధ్నాలుగో లియో అని పేరు పెట్టుకున్నారు. పారిశ్రామిక విప్లవం రోజుల్లో కార్మికుల గురించి రాసిన ఆ పదమూడో లియోని తలుచుకుని ఈ పేరు పెట్టుకున్నాననీ, ఇప్పుడు కృత్రిమ మేధ అలాంటి ప్రశ్నే తెస్తోందనీ ఆయనే చెప్పారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళం అది విని కాస్త కుర్చీ సర్దుకున్నాం!

ఆ నవంబర్‌లో అమెరికా పీఠాధిపతులు బాల్టిమోర్‌లో సమావేశమై వలసదారుల గురించి ప్రత్యేక సందేశం ఇచ్చారు. 216 మంది అనుకూలం, 5గురు వ్యతిరేకం, ముగ్గురు తటస్థం. సరిహద్దును నియంత్రించుకునే బాధ్యత దేశానికి ఉందంటూనే, విచక్షణ లేకుండా మూకుమ్మడిగా మనుషుల్ని పంపేయడాన్ని వ్యతిరేకించారు. ఆ నెల ఆదివారం బావ వంతు. ఆయన జేబులోంచి ఒక కాగితం తీశారు. ఆ సందేశమే! మొత్తం చదివారు, తడబడకుండా. చదివి, కళ్ళజోడు తీసి, "చదివాను. ఇంకా నాకు పూర్తిగా మింగుడు పడలేదు" అన్నారు. ఆ మాటకి నేను ఏమీ అనలేదు. మా అక్క టీ తెచ్చింది. మూడేళ్ళ కిందటి నేనైతే ఆ క్షణాన్ని వదిలిపెట్టేవాణ్ణి కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా మేనకోడలు ఒకమ్మాయి ఉంది. అక్కా బావల కూతురు. ఇక్కడే పుట్టింది, కాలేజీలో చదువుతోంది. మేం మాట్లాడుకోని ఆ ఎనిమిది నెలల్లో అది పూజకి వెళ్ళడం మానేసింది. తర్వాత ఒకసారి నా కారులో వస్తూ తనే చెప్పింది. "మావయ్యా, డాడీ మాట్లాడితే దేవుడు రిపబ్లికన్. నువ్వు మాట్లాడితే దేవుడు డెమోక్రాట్. మీ ఇద్దరికీ దేవుడు ఎప్పుడూ ఎస్ అనే చెబుతాడేంటి?"

దానికి ఇరవై ఏళ్ళు నిండలేదు. నా మాస్టర్స్ డిగ్రీ దానికి జవాబు చెప్పలేకపోయింది.

శ్రోతలారా, నేను చెప్పాలనుకున్నది ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పేసింది. నా నమ్మకం ఎన్నడూ నాకు అడ్డు చెప్పకపోతే, ఎప్పుడూ నా పార్టీ మాటే నాకు తిరిగి వినిపిస్తుంటే, నేను వింటున్నది దేవుడి గొంతు కాదు, నా గొంతే. మీరు గీత చదువుతారో, ఖురాన్ చదువుతారో, బైబిలే చదువుతారో, ఏదీ చదవకుండా ధర్మంగా ఉంటారో నాకు తెలియదు. ఏదైనా ఒక పేజీ ఉంటుంది, అక్కడికి రాగానే మన వేలు దానంతట అదే తర్వాతి పేజీకి పోతుంది. పిల్లలు మనం చదివే పేజీలు వింటారు. తిప్పేసే పేజీలు చూస్తారు. ఇక్కడ పెరిగిన పిల్లలకి మన భాష సగమే వస్తుందని దిగులు పడతాం గానీ, మన తడబాటు మాత్రం వాళ్ళకి పూర్తిగా అర్థమవుతుంది.

మా మేనకోడలు మళ్ళీ ప్రతి ఆదివారం గుడికి వస్తోందా? రావడం లేదు. 2025 క్రిస్మస్ అర్ధరాత్రి పూజకి మాత్రం వచ్చింది. పూజలో సమాధానం ఇచ్చుకునే ఘట్టం ఒకటి ఉంటుంది, పక్కవారి వైపు తిరిగి నమస్కారమో, కరచాలనమో చేస్తాం. మా బావ నా వైపు తిరిగి చేతులు జోడించారు. నేనూ జోడించాను. అది మధ్యలో నిలబడి ఇద్దర్నీ చూసింది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, "వచ్చే నెల నేనూ ఒక పేజీ తేవచ్చా?" అని అడిగింది.

తేవచ్చన్నాం. ఏ పేజీ తెస్తుందోనని మా ఇద్దరికీ లోపల కాస్త గుబులుగానే ఉంది.

 పొయ్యి మీద కూర మాడకుండా చూసుకోండి. సెలవు.